రాయవేలూరు చదువులు - పండుగ సెలవులు

ఉగాది వచ్చినది. వేపపూత, కొత్త చింతపండు, బెల్లము, మామిడిముక్క కలిపి పచ్చడి చేసికొని, పంచాంగము విని, ఆదాయవ్యయములు లెక్క చూచుకొని, ఒకరినొకరు పలుకరించుకొనుట మన ఆచారము. కాని పుట్టిన ఊరు విడిచి వచ్చిన మనకు ఈ పనులన్నిటికంటె ముందు ఒక చిక్కు కలదు. "ఆ రోజున సెలవు దొరుకునా?" అనునదే ఆ చిక్కు. పెద్దలకు ఆఫీసు, పిల్లలకు కాలేజి. పచ్చడి పూట గడిచిన తరువాత సాయంకాలము సంఘము హాలులో కలిసికొనుట మనకు అలవాటైపోయినది.

ఈ సెలవు సంగతి చిన్నదిగ కన్పట్టును గాని, దాని వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో కొంత భాగము మేము పుట్టిన గుడియాత్తములోను, చదువుకొన్న రాయవేలూరులోను జరిగినది. మన సంఘములో ఆ ప్రాంతపు కుటుంబములు పెక్కు గలవు గనుక, ఈ సంచికలో ఆ కథ చెప్పుకొనుట ఉచితమని తలచినాము.

వేలూరును మన పెద్దలు రాయవేలూరు అని పిలిచెడివారు. విజయనగర రాయల పేరు ఆ ఊరికి అట్లు అంటుకొని ఉన్నది. పాలారు ఒడ్డున వేలూరు. దానికి పడమరగా, కౌండిన్య నది ఒడ్డున గుడియాత్తము. ఆ నది చిత్తూరు జిల్లా కొండలలో పుట్టి, మోర్ధానా మీదుగా దిగి, గుడియాత్తము దాటి పాలారులో కలియును. నీరు తెలుగుదేశమునుండి వచ్చి తమిళదేశమున పారునట్లే మా మాటయు రెండు భాషల నడుమ పారినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఆ సీమలో చాలభాగము ఉత్తర ఆర్కాటు జిల్లాయే. 1953లో ఆంధ్ర రాష్ట్రము వచ్చినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు, సత్యవేడు ఇటు మారినవి. గీతలు మారినవి గాని ఇండ్లు మారలేదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, తోళ్ళ మండీలలోను లుంగీల బేరములోను ఉరుదూ. మూడు భాషలును మాకు సమానముగనే వచ్చెడివి.

మా ఇంట మగ్గములు ఉండెడివి. గుడియాత్తము లుంగీకి పేరు గలదు. రంజాను నెల రాకకు ముందే బేరగాండ్రు వచ్చి సరకు కావలెనని తొందరపెట్టెడివారు. ఆ నెలలో మగ్గము ఆగదు. ఉగాదినాడు మాత్రము మగ్గమునకు పసుపు కుంకుమలు పెట్టి పని ఆపెడివారము. ఆ సంగతి ఎరిగిన సాయిబులు ఆ పూట బాకీ అడుగుటకు రారు. వారి పండుగ ఎప్పుడో మాకు తెలియును. మా పండుగ ఎప్పుడో వారికి తెలియును. కాగితముపై వ్రాయని సెలవుల జాబితా అది.

వ్రాసిన ఆజ్ఞల చరిత్ర వేరు. 1805-06లో మద్రాసు సైన్యమునకు కొత్త నిబంధనలు వచ్చినవి. కవాతులో హిందువులు నుదుట బొట్టు, నామము, విభూతి పెట్టరాదు. ముసల్మానులు గడ్డము తీసివేయవలెను. అందరును తోలు బిళ్ళ గల కొత్త తలపాగా ధరింపవలెను. ఆ సైన్యములో మనవారు పెక్కుమంది. ఉత్తర హిందూస్థానములో సిపాయిని "తిలంగా" అని పిలుచుట ఆ నాటి మాటయే. ఆజ్ఞ వేసిన సేనాధిపతి సర్ జాన్ క్రడాకు గాని, గవర్నరు విలియం బెంటింకు గాని సిపాయిల మనసు ముందుగ కనుగొనలేదు. మేలో ఒక దళము తలపాగా నిరాకరించినది; దానికి దండనలు పడినవి. 1806 జూలై 10 తెల్లవారకముందే వేలూరు కోటలో తిరుగుబాటు లేచినది. ఆ ఉదయమే ఆర్కాటునుండి గిలెస్పీ గుఱ్ఱపు దళముతో వచ్చి అణచివేసినాడు. వందకు పైగా ఆంగ్ల సైనికులును, వందలకొలది సిపాయిలును ప్రాణములు కోల్పోయినారు. టిప్పు సుల్తాను బిడ్డలు ఆ కోటలోనే నిర్బంధములో ఉండుటయు, జీతముల కొఱతయు ఈ తిరుగుబాటుకు తోడైనవని చరిత్రకారులు చెప్పుదురు. అయినను నిప్పు రాజవేసినది బొట్టు, గడ్డముల ఆజ్ఞయే. తరువాత ఆ ఆజ్ఞను రద్దు చేసినారు. బెంటింకును, క్రడాకును వెనుకకు పిలిచినారు.

ఈ కథను పండుగ సంచికలో ఎందుకు చెప్పవలెనని అడుగవచ్చును. పలు మతములవారు కలిసి పనిచేయుచోట, అడుగకుండ వేసిన ఆజ్ఞ ఎట్లుండునో మా ఊరు అంత వెల ఇచ్చి నేర్చుకొన్నది. సిపాయిల దండు అయినను, విద్యార్థుల హాస్టలు అయినను, ఆ పాఠము ఒక్కటే.

ఆ కోటలోనే జలకంఠేశ్వరుని గుడి, నవాబుల కాలపు మసీదు, 1846లో కట్టిన సెయింట్ జాన్ చర్చి మూడునూ కలవు. గుడిలో మూలవిరాట్టు తరముల తరబడి లేదు. 1981 మార్చిలో లింగమును తిరిగి ప్రతిష్ఠించినారు. ఒక్క అగడ్త లోపల మూడు ప్రార్థనాలయములు ఉన్నంతమాత్రమున ఐకమత్యము వచ్చినదని మేము చెప్పము. రాళ్ళు ప్రక్కప్రక్కన ఉండుట తేలిక. మనుష్యులు ఒకరి వేళ నొకరు ఎరిగి ఉండుట కష్టము.

ఇక చదువుల సంగతి. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషను, అమెరికా రిఫార్మ్డు చర్చివారిది. అది తమిళములోను తెలుగులోను పనిచేసినది. మదనపల్లెయు దాని సీమలోనిదే. వేలూరులో 1898లో వారి పాఠశాల కళాశాల స్థాయికి పెరిగి వూర్హీస్ కళాశాల అయినది. తిరుత్తణిలో 1888లో పుట్టిన మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ విద్యాలయములో చదివి, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్ళినారు. తెలుగు బ్రాహ్మణుల ఇంటి బాలుడు బైబిలు పాఠము వినుచు పెరిగినాడు. ఆ పాఠములలో హిందూ ధర్మముపై వినిన విమర్శయే తమను సొంత మత గ్రంథములు వెదకునట్లు చేసినదని పెద్దయిన పిమ్మట వారే వ్రాసికొన్నారు. 1908లో వారు ఎం.ఏ. పట్టమునకు వ్రాసిన వ్యాసము వేదాంతములోని నీతిశాస్త్రమును గూర్చినది. గురువులు మిషనరీలు, శిష్యుని సమాధానము ఉపనిషత్తులనుండి.

ఆ శిష్యుడే 1948లో విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు అధ్యక్షుడైనాడు. సభ్యులలో జాకిర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా, లక్ష్మణస్వామి మొదలియారు వంటి పెద్దలు ఉన్నారు. 1949లో వచ్చిన నివేదికలో మన విషయమునకు సంబంధించిన రెండు మాటలు గలవు. ఒకటి: ప్రతి విద్యాలయమును దినారంభమున కొన్ని నిమిషముల మౌనధ్యానముతో పని మొదలు పెట్టవలెను. ఎవరి దేవుని వారు తలచుకొనవచ్చును. ఎవరి మంత్రమును మరొకరి నోట పెట్టనక్కరలేదు. మొదటి సంవత్సరము బుద్ధుడు, ఏసు, మహమ్మదు, శంకరుడు, రామానుజుడు, కబీరు, నానకు మొదలగువారి చరిత్రలు చదువవలెనని కూడ చెప్పినారు. రెండవది: పరీక్షల రోజులు కాక సంవత్సరమునకు 180 పనిదినములు ఉండితీరవలెను. ఈ 180 సంఖ్య ఇప్పటి యూజీసీ నియమములలోను నిలిచి ఉన్నది.

ఈ రెండు మాటలును కలిపి చదివిన యెడల చిక్కు ఎక్కడ ఉన్నదో తెలియును. అన్ని మతములను గౌరవింపుమనునది మొదటి మాట. రోజులు తగ్గింపవద్దనునది రెండవ మాట. అందరి పండుగలకును సెలవిచ్చినచో రెండవది చెడును. కొందరికే ఇచ్చినచో మొదటిది చెడును.

మన రాజ్యాంగము 28వ అధికరణములో ఒక మెట్టు కట్టినది: ప్రభుత్వ గుర్తింపు గాని ధనసహాయము గాని పొందు విద్యాలయములో ఎవరినీ వారి సమ్మతి లేక, బాలురైనచో సంరక్షకుల సమ్మతి లేక, మతబోధకు కూర్చుండబెట్టరాదు. బలవంతము పోయినది. కాని బలవంతము లేకుండుట వేరు, చోటిచ్చుట వేరు. చోటిచ్చు పని టైంటేబులులో జరుగవలెను.

మా సీమలోని కాలేజీలను వరుసగ చూడుడు. వేలూరులో ప్రొటెస్టంటు మిషనువారి వూర్హీస్. వాణియంబాడిలో 1919 నాటి ఇస్లామియా కళాశాల. కాట్పాడిలో 1954లో కాథలిక్కు సోదరీమణులు స్థాపించిన ఆక్సిలియం. గుడియాత్తములో 1964లో వెలసిన తిరుమగళ్ మిల్స్ కళాశాల. నూలు మిల్లు పేరు కాలేజికి వచ్చుట మా నేతగాండ్ర ఊరికి తగినదే. మేల్‌విషారములో 1965లో అబ్దుల్ హకీము గారి పేర వెలసిన కళాశాల. ఇవన్నియు మొదట మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. 2002లో వేలూరులో తిరువళ్ళువర్ విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత దాని పరిధిలోకి వచ్చినవి. ఏ కాలేజి తన పండుగకు తాను సెలవిచ్చుకొనవచ్చును. కాని విశ్వవిద్యాలయ పరీక్ష అందరికిని ఒక్కనాడే. ప్రశ్నపత్రము వాణియంబాడిలో ఒకనాడు, కాట్పాడిలో మరొకనాడు విప్పుటకు వీలులేదు. కనుక సెలవు కాలేజిది, పరీక్షదినము మాత్రము అందరిది. చిక్కంతయు అక్కడనే.

దానికి తోడు పండుగలు ఒకచోట నిలువవు. తమిళుల సంవత్సరాది సౌరమానము గనుక ఏప్రిల్ 14 దరిదాపులనే ఉండును. మన ఉగాది చాంద్రమానము. మార్చి, ఏప్రిల్ నెలల నడుమ ఊగును, అధికమాసము దానిని పట్టి నిలుపును. ముసల్మానుల చాంద్రసంవత్సరమునకు అధికమాసము లేదు గనుక వారి పండుగలు ఏటేట 10, 11 రోజులు ముందుకు జరిగి, సుమారు 33 ఏండ్లకు ఋతుచక్రమును చుట్టి వచ్చును. క్రైస్తవుల ఈస్టరు మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 లోపల ఏ ఆదివారమునైనను రావచ్చును. జైనుల మహావీర జయంతి చైత్ర శుద్ధ త్రయోదశి. ఈ తికమకను చూచియే 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘము నియమింపబడినది. దేశములో సుమారు 30 విధముల పంచాంగములున్నట్లు తేల్చినది. 1957 మార్చి 22 మొదలు జాతీయ శక పంచాంగము అమలులోకి వచ్చినది. అది ప్రభుత్వ కాగితములపై నిలిచినది గాని పండుగలను కదల్చలేదు.

ఇందులో ఒక సొగసు కూడ కలదు. మన ఉగాది అమావాస్య మరునాటి పాడ్యమి. రంజాను పండుగ నెలవంక కన్పట్టిన మరునాడు. అనగా రెండును ఒకే చంద్రుని తొలిరేఖను చూచి చేయు పండుగలే. నెల కలిసినప్పుడెల్ల రెండును ప్రక్కప్రక్కన నిలుచును. 1992 ఏప్రిల్ మొదటి వారములో అట్లే కలిసినవి. మరల 2024లో, క్రోధి సంవత్సరాది ఏప్రిల్ 9న, రంజాను 11న. 2025లో, విశ్వావసు ఉగాది మార్చి 30న, రంజాను 31న. ఆ 2025లోనే ఏప్రిల్ 10 మహావీర జయంతి, 14 తమిళ సంవత్సరాది, 18 గుడ్ ఫ్రైడే. మార్చి చివరనుండి 20 రోజులలో అయిదు పండుగలు! కాలేజీలలో ఏడాది పాఠములు ముగియవచ్చి పరీక్షలు ముంచుకొనివచ్చునదియు సరిగ ఆ రోజులలోనే.

ఇప్పుడు మా సొంత మాట ఒకటి. మేము ఆ ప్రాంతపు ఒక కాలేజిలో చదువుచుండగా ఒక ఏడు ఉగాదినాడు లెక్కల టెస్టు పెట్టినారు. మా తెలుగు పిల్లలకు కోపము వచ్చినది. పదునొకండుగురము కలిసి కాగితము వ్రాసికొని ప్రిన్సిపాలుగారి గదికి వెళ్ళినాము. ఆయన చదివి, బల్లపై పెట్టి, "మీ కోరిక న్యాయమే. అయితే ఒక్క మాట చెప్పండి. ఈ సంవత్సరమంతా శుక్రవారము మధ్యాహ్నము మీ బ్యాచికి ల్యాబు ఉన్నది గదా. మీతో చదివే సాయిబుల పిల్లలు నమాజుకు వెళ్ళి ఆలస్యముగ వచ్చి హాజరు పోగొట్టుకొన్నారు. ఆ సంగతి మీలో ఎవరైనా నాకు చెప్పినారా?" అని అడిగినారు.

మాలో ఒక్కరికిని నోరు పెగలలేదు. మా ప్రక్క బల్లవద్ద పనిచేయు మిత్రుడు జూన్ మాసమునుండి రొప్పుచు పరుగెత్తి వచ్చుట మేము చూచుచునే ఉన్నాము. అది అతని తంటా అనుకొన్నాము. మా కాగితమును మేమే వెనుకకు తీసికొని, ఆ సాయంకాలము అతనిని కూడ కూర్చుండబెట్టుకొని మరల వ్రాసినాము. ఉగాది టెస్టు రెండు రోజులు వెనుకకు జరుగవలెనని ఒక పంక్తి. శుక్రవారము ల్యాబును బుధవారమునకు మార్చవలెనని రెండవ పంక్తి. శుభశుక్రవారమునకు ముందునాటి రాత్రి చర్చికి వెళ్ళు హాస్టలు పిల్లలకు గేటు వేళ సడలింపవలెనని మూడవ పంక్తి. సంతకములు పదునొకండు కాదు, నలుబదికి పైబడినవి. మొదటి రెండు కోరికలు తీరినవి. మూడవది ఆ ఏడు తీరలేదు. మరుసటి ఏడు తీరినది. ఆ మిత్రుడు మాత్రము ఆ సంవత్సరము పోయిన హాజరును తిరిగి పొందలేకపోయినాడు. జరిమానా కట్టి పరీక్షకు కూర్చున్నాడు. ఆ జరిమానాలో మా మౌనమునకు గల వాటా ఎంతో మేము నేటికిని లెక్కవేసికొనుచునే ఉన్నాము.

సెలవిచ్చియు పనిదినము పోకుండు ఉపాయము మా గుడియాత్తములోనే ఉన్నది. ఏటేట వైశాఖమున, అనగా తమిళుల వైకాసి మొదటి దినమున, మే నడుమ, గంగమ్మ శిరసు ఊరేగు జాతర జరుగును. తిరుపతి గంగమ్మ జాతర ఎరిగినవారికి దాని సందడి చెప్పనక్కరలేదు. పుచ్చకాయలు, మరమరాలు, డప్పులు, కొండలనుండి దిగివచ్చిన చుట్టాలు. ఊరంతయు ఒక్క ఇల్లగును. ఇట్టి ఊరి పండుగలకు తమిళనాట కలెక్టరు స్థానిక సెలవు ప్రకటించి, దానికి బదులుగ ఒక శనివారమును పనిదినము చేయుట వాడుక. పండుగ దక్కినది, లెక్కయు చెడలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు పెద్ద జాబితానుండి ఎవరికి కావలసిన రెండు ఐచ్ఛిక సెలవులు వారు ఏరుకొను పద్ధతియు ఇట్టిదే. అందరికిని అన్ని సెలవులు అక్కరలేదు. ఎవరి సెలవు వారికి అందిన చాలును.

అసలు సెలవే లేని చోటు కూడ వేలూరులో కలదు. అది ఆసుపత్రి. డాక్టరు ఐడా స్కడ్డరు గారు 1900లో అమెరికానుండి తిరిగివచ్చి ఆరంభించిన చిన్న వైద్యశాల, 1918లో స్త్రీల వైద్య పాఠశాలగ, 1942 తరువాత వైద్య కళాశాలగ పెరిగినది. 1947లో పురుష విద్యార్థులను చేర్చుకొన్నది. ఆమె వైద్యము చదువుటకు కారణము ఒక రాత్రి కథ. తిండివనములో ముగ్గురు పురుషులు, ఇద్దరు హిందువులు, ఒక ముసల్మాను, ఒకరి వెనుక ఒకరు తలుపు తట్టి, ప్రసవవేదన పడు తమ భార్యలకు స్త్రీ వైద్యురాలు కావలెనన్నారు. పురుష వైద్యుని వారు ఒప్పుకొనలేదు. తెల్లవారుసరికి ముగ్గురు తల్లులును మరణించినారు. ఆచారమును తిట్టి ఊరుకొనక, ఆచారమునకు తగిన వైద్యురాలు తానే కావలెనని ఆమె నిశ్చయించుకొన్నది. చోటిచ్చుట యనగా ఇదియే. ప్రాణములు నిలుపుచోట పండుగకు తలుపు మూయలేము గనుక, ఒకరి పండుగనాడు మరొకరు డ్యూటీకి నిలిచి, తమ పండుగనాడు ఆ బాకీ తీర్చుకొనుటయే మార్గము.

సెలవును చట్టముతో కదిలించుటయు మా రాష్ట్రము చూచినది. 2008లో తమిళ సంవత్సరాదిని తై మాసపు తొలినాటికి మార్చుచు చట్టము వచ్చినది. 2011లో ఆ చట్టమును రద్దు చేసి మరల చిత్తిరైకి తెచ్చినారు. అయితే తమిళనాడు ప్రభుత్వ సెలవుల జాబితాలో "తెలుగు సంవత్సరాది" అను పేరు ఉండుట మనము కృతజ్ఞతతో తలచుకొనదగినది. పొరుగు భాషవాని పండుగకు రాష్ట్రమంతయు తలుపులు మూయుట చిన్న సంగతి కాదు.

సముద్రము దాటినను ఇట్టి ఉదాహరణములు గలవు. మారిషస్ దీవిలో ఉగాది ప్రభుత్వ సెలవుదినము. ఈదు, తమిళుల కావడి, చీనావారి వసంతోత్సవము, క్రిస్మసు కూడ అట్టివే. న్యూయార్కు రాష్ట్రమున, మతాచారము వలన పరీక్షకు రాలేని విద్యార్థికి మరొక అవకాశము ఇచ్చితీరవలెనని విద్యా చట్టమే చెప్పుచున్నది. అక్కడ చదువు మన పిల్లలు ఆ హక్కు తమకు ఉన్నదని ఎరుగవలెను. ముందుగ, వ్రాతమూలముగ, వినయముగ అడుగవలెను. పరీక్ష ముందునాటి రాత్రి అడుగుట న్యాయము కాదు.

సంఘమునకు మా మనవి రెండు ముక్కలు. మన పిల్లలు చదువు విద్యాలయములకు ఏటా చదువులు మొదలగుటకు ముందే, రాబోవు ఉగాది తేదీని తెలుపుచు మర్యాదగ ఒక ఉత్తరము పంపుదము. ఆ ఉత్తరములో మన పండుగ ఒక్కటే కాక, వారి తరగతిలోని ఇతరుల పండుగల తేదీలును చేర్చుదము. మన పిల్లవాడు తన ప్రక్కవాని ఉపవాసమెప్పుడో, ప్రార్థన ఏ వేళనో ఎరిగి ఉండిననాడు, వాని కొరకు ఒక పంక్తి వ్రాయుట వానికి తానే తెలియును.

మా మిత్రుడు ఇప్పుడును ఉగాదికి ఉత్తరము వ్రాయును. రంజానుకు మేము వ్రాయుదుము. 2025లో ఆ రెండు పండుగలును ఒక్కనాటి తేడాతో వచ్చినప్పుడు ఉత్తరములు దారిలో ఎదురుపడినవి. షడ్రుచులలో చేదు ముందు నాలుకకు తగిలినను, నమిలిన కొలది తీపి తెలియునని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

పాఠకులకును, వారి పిల్లాపాపలకును, ఇరుగుపొరుగులకును ఉగాది శుభాకాంక్షలు.